చివరి తూము దాకా

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఈ పూట నేను చెప్పబోయే విషయం పేరు వింటే, "అబ్బే, మనకెందుకండీ ఇది? మగవాళ్ళు పేపరు ముందేసుకుని చెప్పుకునే కబుర్లు కదా!" అనిపించవచ్చు మీకు. ఐక్యరాజ్యసమితి, ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచబ్యాంకు, అంతర్జాతీయ కార్మిక సంస్థ - ఈ పేర్లు రోజూ వార్తల్లో వింటూనే వుంటాం. సమితి ఆందోళన వెలిబుచ్చిందంటారు, ఖండించిందంటారు, శాంతికి పిలుపునిచ్చిందంటారు. యుద్ధం మాత్రం ఆగదు. "అయితే ఆ సమితి ఎందుకమ్మా?" అని బడికెళ్ళే పిల్లలు అడిగితే చాలామందిమి జవాబు చెప్పలేక, "ముందు నువ్వు అన్నం తిను" అంటాం.

ఆ జవాబు మన పల్నాడులోనే వుంది. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదిలారు. కుడి కాలువకు జవహర్ కాలువ అని పేరు పెట్టుకున్నాం. అక్కడ డ్యాం దగ్గర గేట్లెత్తితే అందరం సంతోషిస్తాం. కాని పొలమున్న ఇంటి ఇల్లాలిని అడిగి చూడండి. "గేట్లెత్తారు సరే, మా తూముకి నీరు ఎప్పుడొస్తుందో!" అంటుంది. పెద్ద కాలువలో నీరు వుండవచ్చు, మేజరులో వుండవచ్చు. చివరి భూములకు మాత్రం అందక మిరపతోట వాడిపోవచ్చు. మధ్యలో ఎవరో షట్టరు దించేస్తారు, ఎవరో గండి పెట్టుకుంటారు, ఎక్కడో కాలువ పూడిపోయి వుంటుంది.

ప్రపంచ సంస్థల సంగతీ అంతే. జెనీవాలోనో న్యూయార్కులోనో తీర్మానం చేయడం డ్యాం గేటు ఎత్తడం వంటిది. అది మన ఇంటి గుమ్మం దాకా వచ్చిందా లేదా అన్నదే అసలు లెక్క. వచ్చినచోట ఆ సంస్థలు గెలిచాయి, రాని చోట ఓడిపోయాయి. ఎక్కడ వచ్చింది, ఎక్కడ ఆగింది, ఆపిందెవరు - ఈ మూడూ చూద్దాం.

ముందుగా ఈ సంస్థలంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్పుకుందాం. ఐక్యరాజ్యసమితి 1945లో, రెండో ప్రపంచయుద్ధం ముగిసిన ఏడాది, 51 దేశాలతో మొదలైంది. మన దేశం ఆ మొదటి సభ్యుల్లో ఒకటి. ఇప్పుడు సభ్యదేశాలు 193. అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంకా పెద్దది వయసులో, 1919 నాటిది. పిల్లల కోసం యూనిసెఫ్ 1946లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1948లో వచ్చాయి. వీటికి సొంత సైన్యం లేదు, పన్ను వేసే అధికారం లేదు. సభ్యదేశాలు ఇస్తేనే డబ్బు, పంపితేనే మనుషులు. మన వీధిలో సంఘం పెట్టుకుంటాం చూడండి, అటువంటిదే. సభ్యులు చందా కట్టి, చెప్పిన మాటకు కట్టుబడితే సంఘం బలంగా వుంటుంది. లేకపోతే బోర్డు మాత్రం మిగులుతుంది.

ఇక గెలిచిన కథతో మొదలుపెడతాను. మీ ఇంట్లో పెద్దవారి చేతి మీద, భుజానికి కొంచెం కింద, గుండ్రని మచ్చలు చూసే వుంటారు. అవి మశూచి టీకా మచ్చలు. మీ పిల్లల చేతుల మీద ఆ టీకా గుర్తు లేదు. ఎందుకు లేదో ఎప్పుడైనా ఆలోచించారా?

మశూచిని మన పెద్దలు పెద్దమ్మవారు అనేవారు. అమ్మవారు పోసిందంటే గుమ్మానికి వేపమండలు కట్టేవారు. ఇంట్లో తాలింపు వేసేవారు కాదు. కొత్తవారిని గడప తొక్కనిచ్చేవారు కాదు. పోలేరమ్మకు చల్దినైవేద్యం పెట్టి, చల్లబడు తల్లీ అని మొక్కుకునేవారు. బతికి బయటపడినవారికి ముఖమంతా గుంటలు మిగిలేవి, కొందరికి కళ్ళు పోయేవి. ఆడపిల్లకు అలా జరిగితే పెళ్ళి ఎలాగా అన్న దిగులు తల్లిని తినేసేది. ఇరవయ్యో శతాబ్దంలోనే ప్రపంచం మొత్తం మీద ఈ జబ్బు సుమారు 30 కోట్ల మందిని పొట్టన పెట్టుకుందని అంచనా.

దీన్ని భూమ్మీదే లేకుండా చేద్దామన్న ప్రతిపాదన 1958లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సభలో పెట్టింది సోవియట్ రష్యా. 1967లో మొదలైన గట్టి కార్యక్రమానికి నాయకత్వం వహించింది హెండర్సన్ అనే అమెరికా డాక్టరు. అప్పట్లో ఆ రెండు దేశాలూ ఒకదాని మీద ఒకటి అణుబాంబులు గురిపెట్టుకుని కూర్చున్నవి. అయినా ఒక దేశం టీకామందు ఇచ్చింది, మరొకటి డబ్బూ మనుషులనూ ఇచ్చింది. ఇది చిన్న విషయం కాదండీ. శత్రువులు కూడా ఒక పని మీద కలవగలిగారంటే దానికొక వేదిక వుండబట్టే.

మన దేశంలో 1974లో బీహారులోనూ చుట్టుపక్కలా ఈ జబ్బు విజృంభించింది. కోట్లాది జనానికి అందరికీ టీకాలు వేయడం ఒక్కటే మార్గమైతే ఎన్నటికీ తెమలదు. అందుకని కార్యకర్తలు పద్ధతి మార్చారు. జబ్బు మనిషి ఫొటో వున్న కార్డు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు, బళ్ళలో పిల్లల్ని అడిగారు, సంతల్లో నిలబడి అడిగారు. ఎక్కడ ఒక్క రోగి కనిపించినా ఆ ఇంటి చుట్టూ, ఆ ఊరి చుట్టూ టీకాలు వేసి కంచె కట్టేశారు. జబ్బు ఆచూకీ చెప్పినవారికి బహుమతి కూడా ఇచ్చారు. చివరికి అది వెయ్యి రూపాయల దాకా పెరిగింది. 1975 మే నెలతో మన దేశంలో మశూచి ఆఖరు. 1977లో సోమాలియాలో ప్రకృతిసిద్ధంగా వచ్చిన చివరి కేసు. 1980 మే 8న భూమి మీద మశూచి లేదని ప్రపంచ ఆరోగ్య సభ ప్రకటించింది.

ఇందులో మనం గమనించవలసింది ఒకటుంది. "మా ఇంట్లో అమ్మవారు పోసింది" అని దాచకుండా చెప్పిందెవరు? తలుపు తీసి టీకాల మనిషిని లోపలికి రానిచ్చిందెవరు? ఇల్లాలే. ఆమె తలుపు తీయకపోతే జెనీవా తీర్మానం జెనీవాలోనే వుండేది.

పోలియోదీ అదే దారి. 1988లో ప్రపంచం పోలియో నిర్మూలనకు సంకల్పం చెప్పుకుంది. 1995 నుంచి మనం పల్స్ పోలియో ఆదివారాలు చూశాం. చుక్కలు వేయించి, పిల్లవాడి చిటికెన వేలికి సిరా గుర్తు పెట్టించుకుని తీసుకొచ్చిన తల్లులు మీలో ఎందరో వున్నారు. మన దేశంలో చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్లో వచ్చింది. 2014 మార్చి 27న మన ప్రాంతం మొత్తానికి పోలియో రహితమని సర్టిఫికెట్ ఇచ్చారు. పాకిస్తాన్, అఫ్గానిస్తాన్‌లలో మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు. చుక్కలమందు అక్కడా ఇదే. కార్యకర్తను గుమ్మంలోకి రానివ్వని చోట జబ్బు మిగిలిపోయింది.

మూడో గెలుపు మన వంటింటి అలమరలోనే వుంది. పసిపిల్లల పాలపొడి డబ్బా ఒకటి తీసి చూడండి. తల్లిపాలే శ్రేష్ఠమని పెద్ద అక్షరాలతో రాసి వుంటుంది. పసిపాప బొమ్మ కాని, తల్లి బొమ్మ కాని దాని మీద వుండకూడదు. ఒకప్పుడు ఇలా వుండేది కాదు. బొద్దుగా నవ్వే పాప బొమ్మ వేసి, ఈ పొడి పడితే మీ పాపా ఇలాగే వుంటుందని ఆశ పెట్టేవారు. మంచినీరు లేని పేద ఇళ్ళలో ఆ పొడిని పలచగా, శుభ్రం లేని నీళ్ళలో కలిపి పడితే పిల్లలు విరేచనాలతో చనిపోయారు. 1981లో ప్రపంచ ఆరోగ్య సభ ఈ అమ్మకాలకు ఒక నియమావళి చేసింది. 118 దేశాలు సరేనన్నాయి, కాదన్నది ఒక్క అమెరికా. దాన్ని అనుసరించి మన పార్లమెంటు 1992లో చట్టం చేసింది, 2003లో ఇంకా బిగించింది. అక్కడి మాట ఇక్కడి డబ్బా మీదికి చేరింది. నీరు తూముకి అందిందన్న మాట.

ఇక సగం దారిలో నిలిచిన నీటి సంగతి. బోదకాలు తెలియని తెలుగువారు లేరు. కాలు ఏనుగు కాలులా వాచిపోయి, చెప్పు పట్టక, బయటికి రావడానికి సిగ్గుపడి, ఇంట్లోనే మగ్గిపోయిన ఆడవారి బాధ చెప్పనలవి కాదు. ఆ జబ్బు పురుగుకు మందు కనిపెట్టిన బృందానికి పెద్ద మన తెలుగువాడేనని మీకు తెలుసా? భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. అమెరికాలో లెడర్లే కంపెనీ ప్రయోగశాలలో ఆయన ఆధ్వర్యంలో వచ్చిన హెట్రజాన్ - డి.ఇ.సి. మాత్ర అంటారు - ఈనాటికీ బోదకాలు నివారణకు వాడేది ఆ మందునే. ఆయన 1948లోనే కన్నుమూశారు.

2000 సంవత్సరంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ జబ్బును తరిమేయాలని కార్యక్రమం పెట్టింది. జబ్బున్న ప్రాంతాల్లో అందరూ, జబ్బు వున్నా లేకపోయినా, ఏడాదికొకసారి మాత్రలు మింగాలి. అలా కొన్నేళ్ళు చేస్తే దోమ కుట్టినా పురుగు ఒకరి నుంచి ఒకరికి పాకదు. ఎంత తేలికో చూడండి! మన పక్కనున్న శ్రీలంక 2016లోనే గెలిచింది. మందు కనిపెట్టినవాడు పుట్టిన దేశం మాత్రం గడువు మీద గడువు మార్చుకుంటూ ఇప్పుడు 2027 అంటోంది. ప్రపంచం 2020 అనుకున్నది 2030 అంటోంది.

ఎందుకిలా? డబ్బు లేక కాదు, మందు లేక కాదు. మాత్రలు ఇచ్చి వెళ్తారు. "రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటాంలే అమ్మా" అని తీసుకుని ఫ్రిజ్ మీద పెడతాం. అక్కడే వుండిపోతాయి. "మాకేం జబ్బుందని మింగాలి?" అంటారు ఇంట్లో మగవారు. అందుకే ఇప్పుడు కార్యకర్తల్ని తమ కళ్ళెదుటే మింగించమంటున్నారు. గర్భిణులకు, రెండేళ్ళ లోపు పిల్లలకు, బాగా జబ్బుతో వున్నవారికి ఇవ్వరు. మిగిలినవారందరూ, మీ వీధికి ఆ మాత్రలు వచ్చినప్పుడు, మంచినీళ్ళ గ్లాసు తెచ్చుకుని అక్కడే మింగండి. ఈ కాలువ పూడికలో మన పాలు కూడా వుంది మరి.

ఇప్పుడు, నీరు డ్యాం దగ్గరే ఆగిపోయిన చోటు చూద్దాం.

కోటప్పకొండ తిరునాళ్ళకు ప్రభలు కదిలి వస్తుంటే చూస్తాం. అంత ఎత్తు ప్రభ పడిపోకుండా నాలుగు వైపులా మోకులు పట్టుకుని జనం నడుస్తారు. అందరూ ఒకే తీరున పట్టుకుంటేనే ప్రభ నిలబడుతుంది. ఒక బలమైన మనిషి తన మోకు తనవైపే లాగుతానంటే ఏమవుతుంది? సమితిలో యుద్ధం, శాంతి వ్యవహారాలు చూసే భద్రతామండలి సంగతి సరిగ్గా ఇదే. అందులో 15 మంది సభ్యులు. వారిలో అమెరికా, రష్యా, చైనా, బ్రిటన్, ఫ్రాన్స్ - ఈ అయిదూ శాశ్వత సభ్యులు. ఈ అయిదుగురిలో ఏ ఒక్కరు కాదన్నా తీర్మానం చెల్లదు. దాన్నే వీటో అంటారు.

2022 ఫిబ్రవరి 24న రష్యా సైన్యం యుక్రెయిన్‌లోకి వచ్చింది. మర్నాడు మండలిలో తీర్మానం పెట్టారు. రష్యా వీటో చేసింది. తప్పు చేసినవాడే తీర్పు రాసే పెద్దల్లో ఒకడైతే ఇంకేముంది? గాజాలో యుద్ధం ఆపాలన్న తీర్మానాలను 2023 నుంచి అమెరికా పలుమార్లు వీటో చేసింది. ఇది ఒక దేశం మీద చెప్పే చాడీ కాదు. వీటో చేతిలో వున్నవారు తమవారి జోలికి వస్తే వాడతారన్నది చరిత్ర.

వీటో లేకుండానే చేతులు ముడుచుకున్న రోజులూ వున్నాయి. 1994లో ఆఫ్రికాలోని రువాండాలో ఒక జాతివారిని మరొక జాతివారు వెతికి వెతికి నరికారు. మూడు నెలల్లో సుమారు 8 లక్షల మంది చనిపోయారు. అప్పుడక్కడ సమితి సైనికులు రెండువేలకు పైగా వున్నారు. ఇంకా పంపవలసింది పోయి, భద్రతామండలి వారి సంఖ్యను 270కి తగ్గించమంది! ఏ పెద్ద దేశానికీ అక్కడ తన లాభం కనపడలేదు. అంతకంటే కారణం లేదు. మరుసటి ఏడాది బోస్నియాలో స్రెబ్రెనిత్సా అనే ఊరు మా రక్షణలో వుందని సమితి ప్రకటించిన తరవాతనే, అక్కడి మగవారిని, మగపిల్లల్ని దాదాపు 8 వేల మందిని చంపేశారు. ఆ తల్లులకు ఏ తీర్మానం జవాబు చెబుతుంది?

ఆ యుద్ధాలు మనకు దూరమా? 2022లో పొద్దుతిరుగుడు నూనె ధర చూసి కళ్ళు తిరిగింది గుర్తుందా? మన దేశానికి వచ్చే పొద్దుతిరుగుడు నూనెలో పెద్ద భాగం యుక్రెయిన్ నుంచే వచ్చేది. నల్లసముద్రంలో ఓడలు ఆగిపోతే నరసరావుపేటలో బూరెల మూకుడు ఆగింది. యుద్ధాన్ని ఆపలేకపోయిన అదే సమితి, టర్కీతో కలిసి 2022 జులై 22న ఒక ఒడంబడిక కుదిర్చింది. దానితో ఓడలు కదిలాయి. ఏడాదిలో సుమారు 3 కోట్ల 30 లక్షల టన్నుల ధాన్యం, నూనెలు, గింజలు బయటికి వచ్చాయి. 2023 జులైలో రష్యా తప్పుకోవడంతో అదీ ముగిసింది. చేతకానిదని పూర్తిగా తీసిపారేయడానికి లేదు, వుందిలే అని ధీమాగా వుండటానికీ లేదు. ఇదీ సమితి.

ప్రపంచబ్యాంకు తీరు వేరు. సమితి సర్వసభ్య సభలో పెద్ద దేశానికీ చిన్న దేశానికీ ఒక్కొక్క ఓటే. ప్రపంచబ్యాంకులో వాటా ఎంతో ఓటు అంత. అందరికంటే పెద్ద వాటా అమెరికాది. అప్పిచ్చేవాడు పెట్టే షరతులు ఎలా వుంటాయో చీటీలు, వడ్డీలు తెలిసిన మనకు వేరే చెప్పాలా? 2010లో ఆ బ్యాంకు మన సాగర్ కాలువల ఆధునికీకరణకే సుమారు 45 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. చివరి భూములకు నీరు అందించడమే దాని ఉద్దేశం. అది మంచి మాటే. అదే బ్యాంకు 1999లో కరెంటు సంస్కరణలకూ అప్పిచ్చింది. 2000లో ఛార్జీలు పెరిగి జనం రోడ్డెక్కారు. ఆడవారూ ఊరూరా బయటికి వచ్చారు. ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. బ్యాంకు కాగితాల్లో అది సంస్కరణ, ఇల్లాలి చేతిలో అది బిల్లు. ఆ బిల్లు కట్టే మనిషిని ముందుగా అడగకపోవడమే ఆ ఓటమికి మూలం.

ఇక మన ఆడవారి సంగతికి వస్తాను. 1948లో సమితి మానవహక్కుల ప్రకటన రాస్తున్నప్పుడు మొదటి వాక్యంలో పురుషులందరూ సమానులన్న అర్థం వచ్చే మాట వుండేది. మన దేశ ప్రతినిధి హంసా మెహతాగారు పట్టుబట్టి దాన్ని మానవులందరూ అని మార్పించారు. ఒక్క మాటే, కాని సగం ప్రపంచాన్ని లోపలికి తెచ్చిన మాట. 1979లో స్త్రీల పట్ల వివక్షను రూపుమాపాలన్న ఒడంబడికను సమితి ఆమోదించింది. మన దేశం 1993లో దాన్ని ధ్రువపరచింది. ఆ సంతకం వల్ల ఏం ఒరిగిందంటారా? రాజస్థాన్‌లో బాల్యవివాహాన్ని ఆపబోయిన ఒక గ్రామ కార్యకర్త మీద 1992లో అత్యాచారం జరిగింది. పనిచేసే చోట ఆడవారికి రక్షణ కల్పించే చట్టం అప్పటికి లేదు. మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకు వెళ్ళాయి. 1997లో విశాఖ కేసు తీర్పులో న్యాయమూర్తులు ఆ అంతర్జాతీయ ఒడంబడికనే ఆధారం చేసుకుని నియమాలు ఇచ్చారు. 2013లో అది చట్టమైంది. ఈనాడు మీ అమ్మాయి పనిచేసే ఆఫీసులో ఫిర్యాదు కమిటీ వుందంటే దాని వెనుక ఇంత కథ వుంది.

ఆ చట్టం ఇళ్ళలో పనిచేసే ఆడవారికీ వర్తిస్తుంది. వారు ఫిర్యాదు చేసుకోవడానికి ప్రతి జిల్లాలోనూ స్థానిక కమిటీ వుండాలని అందులో వుంది. 2022 నుంచి మన నరసరావుపేటే పల్నాడు జిల్లా కేంద్రం. మన ఇంట్లో అంట్లు తోమే అమ్మాయికి ఈ సంగతి తెలుసా? మనం చెప్పామా?

ఇక్కడే అసలు మాట వుంది. 2011 జూన్ 16న జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపనివారి కోసం 189వ ఒడంబడికను ఆమోదించింది. ఇంటిపని కూడా పనే, చేసేవారు కూడా కార్మికులే అన్నది దాని సారాంశం. వారానికొకసారి 24 గంటల విడుపు వుండాలి. జీతం నెలకొకసారైనా తప్పకుండా చేతికివ్వాలి. ఏ పని, ఎంత జీతం అన్నది ముందే తెలియాలి, వీలైతే రాసుకోవాలి. మన ప్రభుత్వం దానికి అనుకూలంగా ఓటు వేసింది. కాని ధ్రువపరచలేదు. ముప్పైకి పైగా దేశాలు ధ్రువపరచాయి, మనం ఇంకా లేదు. 2007లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంటిపనిని కనీస వేతనాల జాబితాలో చేర్చింది. ఆ సంగతి ఎంతమంది ఇళ్ళకు తెలిసింది? 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఇంటిపనివారికి చట్టం విషయం ఆలోచించమని కేంద్రానికి చెప్పింది.

ఇంకొక వైపు నుంచి చూడండి. కడప జిల్లా నుంచి, గోదావరి జిల్లాల నుంచి వేలమంది మన తెలుగు ఆడవారు కువైట్ ఇళ్ళలో వంటకు, పనికి వెళ్తున్నారు. అక్కడ వారికి సెలవు ఇవ్వలేదన్నా, జీతం ఆపారన్నా, పాస్‌పోర్టు దాచారన్నా మన గుండె మండుతుంది. న్యాయమే. కువైట్ 2015లో చట్టం చేసింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికొక రోజు విడుపు ఇవ్వాలి అన్నది. అక్కడ ఆ చట్టం ఎంతవరకు అమలు అవుతోందన్నది వేరే సంగతి, ఫిర్యాదులు వస్తూనే వున్నాయి. కాని కాగితం మీదైనా వారి దేశంలో ఆ చట్టం వుంది. ఇంటిపనివారి కోసమే ప్రత్యేకించి దేశమంతటికీ ఒక కేంద్ర చట్టం మనకు లేదు. అక్కడ మన అక్కచెల్లెళ్ళకు దక్కాలని కోరుకునే మర్యాద, ఇక్కడ మన పెరట్లో గిన్నెలు తోమే అక్కచెల్లెలికి దక్కవద్దా?

భద్రతామండలిలో అయిదుగురికే వీటో వుందనుకుంటాం. మన వంటింట్లో మనకీ ఒక వీటో వుందండీ. "ఆదివారం చుట్టాలొస్తున్నారు, రాకపోతే ఎలా?" అన్నామంటే ఆమె సెలవు రద్దు. "జ్వరమొస్తే నాలుగు రోజుల జీతం కోస్తా" అన్నామంటే అదే తీర్మానం, అదే తీర్పు. ఆ మాట మీద అప్పీలు లేదు.

కనుక పెద్ద పనులేవీ చెప్పను, నాలుగే చెబుతాను. పనికి పెట్టుకున్న రోజునే ఏ పనులో, ఎంత జీతమో తేల్చి చెప్పండి. తరవాత ఒక్కొక్క పనీ కలిపేయవద్దు. నెలలో ఒక తేదీ పెట్టుకుని ఆ రోజు జీతం ఇవ్వండి. వారానికొక రోజు, మన ఆదివారం మనకు ఎంత ముద్దో ఆమె విడుపూ అంత ముద్దనుకుని, జీతం కోయకుండా సెలవివ్వండి. జబ్బు చేస్తే మనింట్లో మనిషికి చేసిందనుకోండి. మన వీధిలో పదిళ్ళవాళ్ళం కలిసి ఒప్పుకుంటే చాలు, "పక్కింటి వాళ్ళు ఇవ్వరు, మేమెందుకివ్వాలి?" అన్న మాట వుండదు. దేశాలు కలిసి ఒప్పుకోవడమంటే కూడా ఇంతకంటే వేరే ఏమీ లేదు.

మీ పిల్లలు మళ్ళీ అడిగితే ఇలా చెప్పండి. ఆ సంస్థలు మాయమంత్రాలూ కావు, ఉత్త కబుర్లూ కావు. 193 ఇళ్ళవాళ్ళు కలిసి తవ్వుకున్న కాలువలు. మశూచి పోయిందంటే ఆ కాలువలో నీరు పారబట్టి. రువాండాలో అంతమంది చచ్చిపోయారంటే పైన గేటు ఎవరూ ఎత్తకపోబట్టి. పై గేటు మన చేతిలో లేదు. అది ఎత్తమని అడగడానికి ఓటు వుంది, నోరు వుంది. చివరి తూము మాత్రం మన గుమ్మంలోనే వుంది, దాని షట్టరు మన చేతిలోనే వుంది.